రెండు రోజులు ఆగిన టెలిగ్రాం

ఏటీ, మీ బళ్లో రాసుకు రమ్మన్నారా? మన నర్సీపట్నం పక్కల మిలట్రీలో పనిసేసిన ఆడోలు ఎవులైనా ఉన్నారేమో ఇంటికాడ పెద్దోల్ని అడగమన్నారా? ఉన్నారేమో ఏటే రాజీ, నీ సొంత మేనత్తే కదా. ఆ గోడ మీద పటంలో ఉన్నాదే, తెల్ల బట్టలు, బుజాల మీద మూడేసి సుక్కలు. మీ నాన్న ఎప్పుడూ సెప్పలేదా? సెప్పడులే. ఆ మాటెత్తితే ఆడికి బయట ఏదో పని గుర్తొస్తాది. ఇలా నా పక్కకి వొచ్చి కూకో, అక్కడ ఎండ మొకం మీద కొడతాంది. పెన్ను రాస్తాందా? అయితే రాయి. కేప్టెన్ అప్పలలక్ష్మి, తండ్రి పేరు సూరన్న, అదే మీ తాత, మా అన్నయ్య, ఊరు బలిఘట్టం. కాస్త మెల్లగా సదువుకుంటా రాయి, మీ నాయనమ్మ లోపల పడుకుంది గానీ నిద్దరోలేదు. ఆవిడ నిద్దరోతే గురక ఇనబడాల.

మీ అత్త సిన్నప్పుడేటీ వింత గుంట కాదమ్మా. అందరు ఆడగుంటల్లాగే జీడిపిక్కలు ఏరింది, సెరుకు తోటలో మోపులు కట్టింది. ఒకటే, రగతం సూస్తే ఎనక్కి ఎల్లేది కాదు. మా గేదె ఈనడానికి కట్టపడితే మగోలు దూరంగా నిలబడి సలహాలు సెప్తున్నారు, తొమ్మిదేళ్ల గుంట మోసేతి దాకా సెయ్యి పెట్టేసింది. అలాటిది. విశాపట్నంలో నర్సు సదువు సదివి, పేపర్లో ఏదో సూసి, మిలట్రీకి కాయితం పెట్టింది. సెలెట్టు అయింది. ఊళ్లో నవ్వులే నవ్వులు. మన ఈది సివర కొట్టు మంగరాజు లేడూ, ఆడు అరుగు మీద కూకుని "ఏమే లచ్చీ, నువ్వు మిలట్రీలో తుపాకీ పేలుస్తావా, సూదులేస్తావా?" అన్నాడు. "తుపాకీ దెబ్బ తగిలినోడికి సూదేస్తాను మావా. నువ్వు అరుగు మీంచి పడినా ఏస్తాను, ముందు పడు" అన్నాది. మంగరాజు పెళ్లాం సీరకొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. అది రాయొద్దులే. రాస్తే రాయి, మంగరాజు సచ్చిపోయేడుగా.

మొదటిసారి సెలవుకి వొచ్చినప్పుడు నాను అడిగేను, "ఏమ్మా, అంతమంది మగోల మద్దిన నువ్వొక్కదానివే ఆడదానివా?" అని. పగలబడి నవ్వింది. "అత్తా, నాను మొదటిదాన్ని అనుకుంటున్నావా? మా మేట్రన్ మేడం డెబ్బయ్యొకటి యుద్ధంలో డేరా కింద పనిసేసింది. ఆవిడకి పని నేర్పినావిడ సైనా యుద్ధంలో సేసింది. అంతకి ముందు బర్మాలో యుద్ధమైనప్పుడే మనోలున్నారు. ఒకరి సేతిలోంచి ఒకరి సేతికి వొచ్చింది అత్తా ఈ పని" అన్నాది. నాను ఆలోసించేను. బర్మా యుద్ధమంటే మాయమ్మ కాలం. మాయమ్మ కాలంలో ఒక ఆడది ఇల్లు ఒదిలి, దేశం ఒదిలి, దెబ్బలు తగిలినోలికి కట్లు కట్టిందా! మాకెవులూ సెప్పలేదే! మాకు సెప్పింది మొగుడు తినే దాకా తినకూడదని. సరే.

నాకు అచ్చరాలు వొచ్చింది కూడా దాని వల్లే. అప్పట్లో సాయంత్రం బడి పెట్టేరు కదా పెద్దోలకి, అక్కడ సగం నేర్సుకున్నాను. మిగతా సగం మీ అత్త సెలవుల్లో కూకోబెట్టి నేర్పింది. అప్పుడు నాకు యాభై రెండేళ్లు. మీ తాత "ముసల్దానికి సదువేటే, కలకటేరు అవుతాదా" అని ఏలాకోలం. తరవాత మీ అత్త ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు రాసేది నా పేరు మీద, ఇంతింత అచ్చరాలు, ఒక్కోటీ సెనిక్కాయంత. "శ్రీమతి అప్పలకొండమ్మ అత్తకి" అని పైన. మొగుడు పోయి, బొట్టు పోయి, అన్న పంచన పడున్న దాన్ని. నా పేరు మీద ఇంటికి ఉత్తరం వొచ్చిందంటే, ఓలమ్మ, ఆ రోజు నాను కూడా ఈ ఇంట్లో ఒక మనిషిని అనిపించేది. అంకెలూ నేర్పింది. కేలండర్లో తేదీ సూడ్డం నేర్పింది. ఆ అంకెలే... ఉండు, వరసగా సెప్పనీ.

కార్గిల్లులో యుద్ధమైన యేడు. నువ్వప్పుడు ఐదేళ్ల గుంటవి. మీ అత్తకి కోటవురట్ల సంబంధం కుదిరింది, జగదీశ్వరరావని, బళ్లో మేష్టారు, మంచోడు. వైశాఖంలోనే సేసేద్దుం గానీ దానికి సెలవు కుదిరేసరికి అధిక జ్యేష్ఠం వొచ్చి పడింది. అధిక మాసంలో పెళ్లి సెయ్యరు కదా. నెల్లాళ్లు ఆగి, నిజ జ్యేష్ఠం రాగానే శనివారం తెల్లారగట్ల ముహూర్తం పెట్టేరు. నాను ఇప్పటికీ అనుకుంటాను, ఆ అధిక మాసం రాకపోతే ఏటయ్యేదీ అని. సంవత్సరానికి పన్నెండు నెలలు సాలవా దేవుడికి? ఆ నెల్లాళ్లలోనే అక్కడ యుద్ధం ముదిరింది. టీవీలో రోజూ పెట్టెలు, పెట్టెల మీద జెండాలు. మీ అత్త ఒక కంట నలుగు పిండి సూసుకుంటా, ఒక కంట టీవీ సూసేది. "నన్ను పిలుస్తారమ్మా" అని మీ నాయనమ్మతో అంటే, "పిలిస్తే పిలిసినప్పుడు సూద్దారి, ముందు ఆ మొకానికి పసుపు పట్టించు" అనేది ఈవిడ.

సోమవారం పెళ్లిరాట పాతేరు. రాట పాతి, పసుపు కొట్టేక, పెళ్లికూతురు ఊరి పొలిమేర దాటకూడదు. అది మాకు పెద్ద కట్టు. మంగలారం మద్దేన్నం పోస్టుమేన్ మత్స్యలింగం సైకిలు దిగేడు. మగోలెవులూ లేరు, వంట సామాన్లకి నర్సీపట్నం ఎల్లేరు. మీ అత్త లోపల తలంటుకుంటాంది. "టెలిగ్రాం అండీ, అర్జంటు" అన్నాడు. ఓలమ్మ, టెలిగ్రాం అంటే మాకు సావు కబురే. ఇంకోలాగ ఎప్పుడూ రాలేదు. మీ నాయనమ్మ గుండె మీద సెయ్యేసుకుని "ఎవులు పోయేరు నాయనా?" అన్నాది. ఆడు నవ్వి, "ఎవులూ పోలేదండీ, లక్ష్మమ్మ గారికి మిలట్రీ నుంచి, సెలవు రద్దు, బేగి రమ్మని" అన్నాడు. మీ నాయనమ్మ ఏలిముద్ర ఏసి తీసుకుంది. ఆడు ఎల్లేదాకా నవ్వుతానే ఉన్నాది. ఆడు మలుపు తిరగ్గానే మొకం రాయైపోయింది.

"కొండమ్మా" అన్నాది, "ఇది దాచు."

ఇక్కడ ఒకటి నీకు తెలవాల రాజీ, లేపోతే మేమేదో దొంగలం అనుకుంటావు. మాలో పెళ్లి పందిరేసినాక గోత్రంలోలు ఎవులైనా పోయినట్టు కబురొస్తే, ఆ కబురు ఎవులికీ సెప్పరు. తెచ్చినోణ్ణి ఊరవతలే ఆపేస్తారు. తాళి పడ్డాక సెప్తారు. ఎందుకంటే ఇనకపోతే మైల అంటదు. సెవిలో పడ్డాకే మైల. ఉత్తరమైతే ఇంట్లోకి తేకుండా గేదెల సాల సూరులో దోపేస్తారు. మా పెళ్లిళ్లలో ఎన్నిసార్లు సేసేమో. అది తప్పు కాదు, పద్దతి. మీ నాయనమ్మ అదే అన్నాది: "సావు కబురే నాలుగ్రోజులు ఆపుతాం, ఇదెంత? దాని కంట పడకపోతే పిలిసినట్టు కాదు. శనివారం తాళి పడనీ, ఆదివారం నానే ఇస్తాను. నీకు ఎలాగూ పందిట్లో పని లేదు, సాల కాడే ఉంటావు, సూరులో పెట్టు." నాకూ బాగానే తోసింది. నిజంగా తోసిందమ్మా. అబద్దం ఎందుకాడాల. పెళ్లి ఆగిపోద్దేమోనని నాకూ బయమే. పైగా ఆవిడ మాట కాదంటే నాకు కూడెక్కడ? ఆ కాయితం మడిసి గేదెల సాల సూరులో తాటాకు మద్దిన దోపేసేను.

ఇంక ఆ మంగలారం సాయంత్రం నుంచి సూడు. అది వొచ్చి "అత్తా, టపా వొచ్చిందా?" అని అడుగుతాది. నాను పేడ ఎత్తతన్నట్టు తలొంచుకుని "లేదమ్మా" అంటాను. బుదారం పొద్దున్నే మళ్లీ, "అత్తా, టపా?" "లేదు." మద్దేన్నం మళ్లీ. సూరు సరీగ్గా దాని తల మీదే ఉన్నాది, జేన ఎత్తున. అది అక్కడే నిలబడి దూడ మెడ కింద గోకతాంది. "నర్సీపట్నం ఎస్టీడీ బూతు దాకా ఎల్లొస్తాను నాన్నా, పోను సేసి కనుక్కుంటాను" అంటే మీ తాత ఎల్లనియ్యలేదు, పెళ్లికూతురు పొలిమేర దాటకూడదని. మీ నాన్న నానాజీని పంపించింది, నెంబరు రాసిచ్చి. ఆడు రెండు గంటలు కూకుని, లైను కలవలేదని వొచ్చేడు. మీ నాయనమ్మ నా ఏపు సూసి కనుబొమ్మ ఎగరేసింది, సూసేవా దేవుడే ఆపతన్నాడు అన్నట్టు.

లచ్చివారం పొద్దున్న పెళ్లికూతుర్ని సేస్తున్నారు. పీట మీద కూకోబెట్టి, ముత్తయిదువులు పసుపు రాస్తన్నారు, పాటలు. నాను సాల్లో ఉన్నాను. ఏం తోసిందో, సూరులోంచి ఆ కాయితం తీసేను. అన్నీ ఇంగ్లీసు అచ్చరాలు, సీమల బారులాగ. ఒక్క ముక్క రాదు. మడిసి పెట్టేద్దును, అప్పుడు అంకె కనబడింది. ఒకటి, ఎనిమిది. పద్దెనిమిది. అంకెలు మనయీ ఆలయీ ఒకటే కదా. ఎనక్కి తిరిగి గోడ మీద కేలండరు సూసేను. లచ్చివారం, పదిహేడు. ఓరి దేవుడా. పద్దెనిమిది కల్లా అక్కడుండమన్నారు దాన్ని. కశ్మీరం ఎక్కడ, బలిఘట్టం ఎక్కడ? మూడు రోజుల రైలు. మంగలారమే ఇచ్చుంటే అందేది.

అప్పుడు నాకు తెలిసింది రాజీ, మేమెక్కడ తప్పేమో. సచ్చినోడి కబురు ఆపితే సచ్చినోడికేం పోదు. ఆడికి తొందర లేదు. ఇది బతికున్నోల కబురు. ఎవుడో ఒకడు అక్కడ మంచం మీద పడుండి ఎదురుసూస్తంటే, నాను ఇక్కడ ఆడి పిలుపుని సూరులో దోపేను. మైల అంటకూడదని!

లేసేను. బొట్టు లేని దాన్ని, పేడ సేతుల దాన్ని, తిన్నగా పందిట్లోకి ఎల్లిపోయేను. పాట ఆగిపోయింది. ఒకావిడ "ఏయ్ ఏయ్, కొండమ్మా, నీకు మతుందా?" అని అడ్డొచ్చింది. మీ నాయనమ్మకి నా సేతిలో కాయితం కనబడింది. "అక్కడే ఆగు!" అన్నాది. ఆ గొంతు నాను అంతకు ముందు ఇన్లేదు. నాను ఆగలేదు. పసుపు సేతుల్లో పెట్టేను కాయితం. అది సదివింది. ఒక్క సూపులో సదివేసింది. తలెత్తి "ఎప్పుడొచ్చింది అత్తా?" అన్నాది.

"మంగలారం."

తిట్టలేదు, ఏడవలేదు. సేతి ఏళ్ల మీద లెక్కెట్టింది, ఇలా, బొటనేలితో. లేసి "నానాజీ, స్కూటర్లో పెట్రోలు ఉన్నాదా?" అన్నాది. అంతే, ఇల్లు గోలెత్తిపోయింది. మీ తాతకి అప్పుడే తెలిసింది సంగతి. పెరట్లోంచి వొచ్చి "రాట పాతిన ఇంట్లోంచి పెళ్లికూతురు పొలిమేర దాటితే రేపు నాను ఎవులికి మొకం సూపించాల?" అని గుండెలు బాదుకున్నాడు. అది సొక్కా బొత్తాలు పెట్టుకుంటానే, "నాన్నా, అక్కడికి సగం మొకం లేకుండా వొచ్చినోలు ఉంటారు. ఆలు అద్దం అడుగుతారు. ఇవ్వకుండా కూకోబెట్టి మాటాడాల. ఇప్పుడు ఆ మాటాడే మనిషి తక్కువైంది" అన్నాది. మీ తాత పందిరి రాటని పట్టుకుని అలాగే నిలబడిపోయేడు.

మీ నాయనమ్మ మాత్రం ఒగ్గలేదు. ఈది గుమ్మం కాడికి ఎల్లి గడపకి అడ్డంగా పడుకుంది. తలకింద సెయ్యి కూడా పెట్టుకోలేదు. "ఎల్లు. నన్ను దాటి ఎల్లు" అన్నాది. కన్నతల్లిని దాటగల్దా ఎవులైనా? అది సామాన్ల పెట్టె కింద పెట్టి, తల్లి పక్కన కూకుంది. "అమ్మా, లే." లేవదు. "అమ్మా, తునిలో రైలు దాటిపోద్ది." లేవదు. పావుగంట అయింది. ఆ పిల్ల మొకంలో పసుపు ఎండి బీటలేస్తాంది. నా ఏపు సూసింది. అడగలేదమ్మా, సూసింది అంతే. నాను ఎనక్కెల్లి సాల తలుపు గడియ తీసేను. గేదెలెల్లే గుమ్మం. ఆ తలుపు కిర్రుమంటాది, ఇల్లంతా ఇనబడింది. మీ నాయనమ్మా ఇన్నాది. పడుకునే "కొండమ్మా, ఆ తలుపు తీసినావంటే నీకూ నాకూ మాటల్లేవు" అన్నాది. అప్పటికే తీసేసేను. పేడ తొక్కుకుంటా, పెట్టె నెత్తిన పెట్టుకుని, ఒళ్లంతా పసుపుతో ఎల్లింది కేప్టెన్ గారు. మీ నాన్న స్కూటరు మీద తుని దాకా దించేడు. దారంతా జనం ఎవుడో పెళ్లికూతుర్ని ఎత్తుకుపోతన్నాడని సూసేరంట. కోటవురట్ల మీంచే ఎల్లేరు! పెళ్లికొడుకు ఊరి మద్దిలోంచి!

పెళ్లి పోయింది. ఆ మేష్టారు ఆగుతానన్నాడు గానీ ఆలోలు ఆగనియ్యలేదు. మీ నాయనమ్మ అన్న మాట మీద నిలబడింది. నాకు కూడు పెట్టడం మానలేదు, ఎల్లిపొమ్మనలేదు. కంచం తెచ్చి మెట్టు మీద పెట్టేది, అంతే. నాలుగేళ్లు. ఒక్క మాట లేదు. మీ అత్త ఆ సలికాలం సెలవుకి వొచ్చినప్పుడు అడిగేను, "ఆ రెండు రోజులూ లేటైనందుకు నిన్నేమన్నా అన్నారా?" అని. "ఏమంటారత్తా, యుద్ధంలో ఎవులికి తీరిక" అన్నాది. "ఆ రెండు రోజుల్లో ఎవులికన్నా...?" అని అడగబోతే, "అత్తా, నా సేతుల పసుపు సూసి ఒకడు, సిస్టర్, నాకు రాసిన మందు మీకు అంటుకుందా అన్నాడు" అని నవ్వి, మాట మార్చేసింది.

రెండు వేల మూడులో, వర్షాలప్పుడు, కొండ దారిలో ఆల ఆసుపత్రి బండి జారి లోయలో పడింది. ఇక అది సెప్పను, మీ నాన్నని అడుగు. పెట్టె వొచ్చింది, జెండా వొచ్చింది. మన ఊళ్లో రిటేరైన మిలట్రీ ముసలోలు ఎక్కడెక్కడి నుంచో, నాతవరం నుంచీ వొచ్చి, సెల్యూట్ కొట్టేరు. ఆడకూతురికి. పెట్టెతో పాటు ఒక కేరళ సిస్టరమ్మ వొచ్చింది, దాంతో కలిసి పనిసేసిన మనిషి. మీ నాన్నకి హిందీ వొచ్చు కదా, ఆవిడ సెప్తంటే ఆడు తెలుగులో సెప్తన్నాడు. ఎంత మంచిదో, ఎంతమందిని బతికించిందో. సెప్తా సెప్తా ఆవిడే అన్నాది, కార్గిలప్పుడు లక్ష్మి రెండు రోజులు లేటుగా వొచ్చింది, సంజాయిషీ రాయమన్నారు, నా నిర్లక్ష్యం వల్లే అని రాసి సంతకం పెట్టేసింది, అది ఫైల్లో ఉండిపోయింది, పెళ్లికూతురినని కూడా సెప్పలేదు, అని.

నాను గోడకి ఆనుకుపోయేను. మీ నాయనమ్మ కూడా ఇన్నాది. నాలుగేళ్ల తరవాత మొదటిసారి తిన్నగా నా మొకంలోకి సూసింది. తరవాత మీ నాన్నతో, "నానాజీ, ఆవిడకి సెప్పు. దాచింది నాను. రాసుకోమను. పిల్ల తప్పు లేదని ఆ ఫైల్లో రాసుకోమను" అన్నాది.

మీ నాన్న ఆ మాట హిందీలో సెప్పలేదే. "అమ్మ బాదపడతాంది" లాటిదేదో పొట్టిగా సెప్పేసేడు. నాకు హిందీ రాదు, కానీ అంత పొడుగు మాటకి అంత పొట్టి మాట కాదని తెలీదేటి? తల్లి పరువు కోసమే సేసేడు, ఆణ్ణి అనను. కానీ ఆ కాయితం అలాగే ఉన్నాది రాజీ, ఎక్కడో, దాని సంతకంతో. నిర్లక్ష్యం అంట. నా లచ్చికి!

ఏదీ, నువ్వేటి రాసేవో సదువు. "పిలుపు అందిన వెంటనే బయల్దేరింది." కొట్టెయ్. అబద్దం కాదు గానీ, సగమే. రెండు రోజులు లేటని రాయి. ఎందుకు లేటైందో రాయి. టెలిగ్రాం దాచినోలు ఎవులో పేరెట్టి రాయి. నాను ఎప్పుడో రాద్దును, అచ్చరాలు వొచ్చు కదా. ఎవులికి పంపాలో తెలీక రాయలేదు. నా పేరు రాసెయ్, అప్పలకొండమ్మ. నాకు బయం లేదు. మీ నాయనమ్మ పేరు మాత్రం... ఆవిణ్ణి అడక్కుండా రాయకు. ఎల్లి అడుగు. లోపలికెల్లి మంచం కాడ కూకుని, ఇలా బళ్లో రాసుకు రమ్మన్నారు, మీ పేరు కూడా రాయమంటారా అని అడుగు. గట్టిగా అరవకు, సెవులు బాగానే ఇనబడతాయి ఆవిడికి. ఎల్లమ్మా. నాను ఇక్కడే ఉంటాను.

...వొచ్చేవా? ఏటన్నాది? తిట్టిందా? తిట్టలేదా? మరేటన్నాదే, సెప్పు బేగి.

ఏటీ? ముందు తన పేరే రాయమన్నాదా?